డీజిల్ పెరిగినప్పుడల్లా బాడుగ ఎందుకు పెరగదు?

ఇది కొంచెం పొడుగు రాత. లారీ ఉన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

బళ్లారి, హొసపేట, సండూరు వైపు మన తెలుగువాళ్లలో బండి మీద బతికే ఇళ్లు చాలానే ఉన్నాయి. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గాన్ని ఆంధ్రకు ఇచ్చి మిగతాది మైసూరులో కలిపారు. చుట్టరికాలకు ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. డీజిల్ బంకు దగ్గర మాత్రం అది బాగా కనబడుతుంది.

2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం డీజిల్ మీద అమ్మకపు పన్ను పెంచింది. లీటరుకు 3 రూపాయలు ఎక్కింది. 2025 ఏప్రిల్ 1 నుంచి పన్ను 21.17 శాతం అయింది, మరో 2 రూపాయలు ఎక్కింది. ఆ నెల 14 అర్ధరాత్రి నుంచి లారీ యజమానులు సమ్మెకు దిగారు. పక్క రాష్ట్రాల కంటే మన దగ్గర ధర తక్కువేనని ప్రభుత్వం అంటుంది. అది అబద్ధమేమీ కాదు. ఆంధ్రలో 22.25 శాతం వ్యాట్ కాక లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అందుకే సరిహద్దు దాటకముందే ట్యాంకు నిండా పోయించుకుంటాం. కానీ పక్కవాడికి ఎక్కువ కాలిందని మన చేతి మంట తగ్గదు కదా!

లెక్క వేసుకుందాం. బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే, రానూపోనూ వెయ్యి కిలోమీటర్ల ట్రిప్పుకు 250 లీటర్లు. లీటరు మీద 5 రూపాయలంటే ట్రిప్పుకు 1,250. నెలకు ఆరు ట్రిప్పులైతే 7,500, ఏడాదికి 90,000. ఒక్క బండి ఉన్న ఇంట్లో ఇది పిల్లల ఫీజు డబ్బు. బాడుగ మాత్రం చాలా చోట్ల పాతదే.

మరి ఈ లోటును ఎక్కడ పూడుస్తున్నాం? ముందు క్లీనర్‌ను మానేశాం. ఇప్పుడు చాలా బండ్లలో డ్రైవర్ ఒక్కడే. రాత్రి పక్కన మాట్లాడే మనిషి లేడు, రివర్సు తీస్తే వెనక చూసేవాడు లేడు. తర్వాత అరిగిన టైర్లకు రీబటన్ వేయించి ఇంకో ఆరు నెలలు నెట్టుకొస్తున్నాం. 80లో పోయే బండిని 60కి దించితే డీజిల్ మిగులుతుందని ప్రతి డ్రైవర్‌కూ తెలుసు. కానీ ట్రిప్పు లెక్కన బత్తా ఇచ్చి, మైలేజీ తగ్గితే కోస్తాం. నిదానంగా పోతే ట్రిప్పులు తగ్గుతాయి, తొందరగా పోతే డీజిల్ పోతుంది. రెండు వైపులా నష్టం డ్రైవర్‌దే, పోయేది అతని నిద్ర. ఇది పొదుపు కాదు, మన భారాన్ని మనకంటే బలహీనుడి మీదికి తోయడం.

ఇంకొందరు నాలుగు టన్నులు ఎక్కువ వేసుకుంటున్నారు. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకు 2,000. ఒక్కసారి దొరికితే ఎన్ని ట్రిప్పుల మిగులు పోతుందో మీరే చూసుకోండి.

కొనడం సంగతి. టన్నుకు డీజిల్ ఖర్చు తగ్గుతుందని పది చక్రాల బండి అమ్మి పద్నాలుగు, పదహారు చక్రాలకు పోతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో ఈ ఊపు పెరిగింది. పెద్ద బండిలో టన్ను ఖర్చు తగ్గే మాట నిజమే, రెండు వైపులా లోడు దొరికితే! ఖాళీగా తిరిగొస్తే పెద్ద బండి పెద్ద అప్పే. తగ్గింది కొనేటప్పటి పన్ను. రోజూ పోయించే డీజిల్ జీఎస్టీలో లేనే లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపినప్పుడు, ఖనిజం ఊపులో అప్పు చేసి కొన్న లారీలు వరసగా నిలబడిపోయాయి. కంతులు మాత్రం నిలబడలేదు. ఆ రోజులు చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు, కొత్తగా కొనే కుర్రవాళ్లు వాళ్లను ఒక మాట అడగాలి.

డీజిల్ పెరిగితే బాడుగ అదే పెరుగుతుందని కొందరంటారు. ఫ్యాక్టరీతో నేరుగా కాంట్రాక్టు ఉన్న పెద్దవాళ్లకు పెరుగుతుంది. వాళ్ల ఒప్పందంలో డీజిల్ ధర షరతు రాసి ఉంటుంది. బుకింగ్ ఆఫీసులో లోడు కోసం రెండు రోజులు కాచుకునే ఒంటి బండి యజమానికి పెరగదు. అతను కాదంటే వెనకాల పది బండ్లు ఉంటాయి. ఆ పది బండ్లలో మనవే ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఒకరి బాడుగ ఒకరం తగ్గించుకుంటూ ప్రభుత్వాన్ని మాత్రమే తిడితే సగం నిజమే చెప్పినట్టు.

అందుకని మన సంఘం మూడు పనులు చేయాలి. ఒకటి, డీజిల్ లీటరుకు 2 రూపాయలు పెరిగితే బాడుగ ఎంత పెరగాలో ఒక పట్టిక వేసి, సభ్యులెవరూ దానికి తక్కువకు లోడు ఎత్తకూడదని మాట అనుకోవడం. రెండు, రిటర్న్ లోడు కబురు ముందు మన బండ్లకే చేరేలా ఒక గ్రూపు పెట్టుకోవడం. మూడు, కొత్త బండి కొనే సభ్యుడితో పెద్దలు కూర్చుని, డీజిల్ ఇంకో 10 రూపాయలు పెరిగినా కంతు కట్టగలడా అని లెక్క చూడడం.

పన్ను తగ్గించమని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. అది తగ్గేదాకా డ్రైవర్ నిద్రలోంచి మాత్రం డీజిల్ డబ్బు తీయొద్దు. వచ్చే సమావేశానికి ఒంటి బండి యజమానులు తమ ట్రిప్పు లెక్కలు రాసుకుని రండి. పట్టిక ఆ లెక్కలతోనే వేద్దాం.