సర్కారు బకాయి - కూలీ నెత్తిన అప్పు

2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు కాలేజీలకు తాళాలు వేశాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు వేల కోట్లకు పేరుకుపోయాయని, అవి వస్తేగానీ నడపలేమని వారి వాదన. చర్చలు జరిగాయి. కొంత సొమ్ము ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది. కాలేజీలు తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తంతు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, బకాయి మాత్రం పోలేదు.

దీన్ని ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య తగాదాగానే చాలామంది చూస్తున్నారు. కానీ ఈ తగాదాలో మూడో మనిషి ఒకడున్నాడు. పత్తి తీసి, మిర్చి కోసి, నాట్లు వేసి పిల్లల్ని కాలేజీకి పంపిన కూలీ, కౌలు రైతు. చర్చల బల్ల దగ్గర అతనికి కుర్చీ లేదు. కానీ ఆ బకాయికి వడ్డీ కడుతున్నది అతనే. ఎట్లా కడుతున్నాడో, ఎందుకు కట్టాల్సి వస్తున్నదో లెక్కతో సహా చెప్పాలని మా ప్రయత్నం.

ఇది దయాధర్మం కాదు

దళిత విద్యార్థులకు పదో తరగతి తర్వాత చదువుకు స్కాలర్‌షిప్పు ఇచ్చే కేంద్ర పథకం 1944లోనే మొదలైంది. స్వాతంత్ర్యం కంటే పాతది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం వచ్చింది. బి.సి.లు, మైనారిటీలు, ఇతర కులాల్లోని పేదలు కూడా ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎం.బి.ఏ. గడప తొక్కగలిగారు. కూలీల ఇళ్లల్లో మొదటి ఇంజనీరు పుట్టింది ఆ రోజుల్లోనే. ఆ మేలును మేము కాదనడం లేదు.

అయితే రెండో ముఖం కూడా చూడాలి. ప్రభుత్వం తన సొంత కాలేజీలు పెట్టి, లెక్చరర్లను నియమించే బదులు, ప్రైవేటు కాలేజీలకు ఫీజు కట్టే దారి ఎంచుకున్నది. పల్లెల మధ్య పొలాల్లో వందల సంఖ్యలో కాలేజీలు లేచాయి. పేదవాని చదువు ప్రతి ఏడాదీ ఖజానా నుంచి వచ్చే చెక్కు మీద ఆధారపడింది. చెక్కు ఆగితే చదువు ఆగుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు

అర్హత సంగతి తెలియక నష్టపోయేవాళ్లు మన పల్లెల్లో చాలామంది. కాబట్టి ముఖ్యమైనవి చెబుతాం.

దళితులకు కేంద్రం ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన విద్యా దీవెన నిబంధనల్లో కూడా ఇదే పరిమితి పెట్టారు. దానితోపాటు మాగాణి పది ఎకరాల లోపు, మెట్ట ఇరవై అయిదు ఎకరాల లోపు ఉండాలన్నారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాడు ఉండకూడదన్నారు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తెలంగాణలో ఎస్.సి., ఎస్.టి.లకు రెండు లక్షలు, బి.సి. తదితరులకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు.

కన్వీనరు కోటాలో సీటు వస్తేనే ఈ సాయం. మేనేజ్‌మెంటు సీటుకు రాదు. "ముందు చేరండి, ఫీజు సంగతి తర్వాత చూద్దాం" అనే ఏజెంటు మాట నమ్మి చేరితే మొత్తం ఫీజు ఇంటి మీదే పడుతుంది. హాజరు నూటికి 75 వంతులు ఉండాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సమయానికి చేతిలో ఉండాలి. ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా విద్యార్థి పేరున పనిచేస్తూ ఉండాలి. ఖాతా నిద్రలో ఉంటే వచ్చిన డబ్బు వెనక్కి పోతుంది.

అర్హత ఉన్నా పూర్తి ఫీజు వస్తుందని అనుకోకూడదు. తెలంగాణలో బి.సి. విద్యార్థికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో పది వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ర్యాంకు దాటితే, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఏడాదికి 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65 వేలు ఎవరు కట్టాలి? నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. మంచి ర్యాంకు తెచ్చే కోచింగు కొనగలిగినవానికి పూర్తి ఫీజు, కొనలేనివానికి సగం కూడా లేదు. ఇదేమి న్యాయం?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జి.ఓ. ప్రైవేటు కాలేజీల్లోని పి.జి. విద్యార్థులకు ఈ సాయాన్ని తీసేసింది. ఒక్క కాగితంతో వేలమంది చదువు డిగ్రీ దగ్గర నిలిచిపోయే పరిస్థితి వచ్చింది.

ఆలస్యానికి వడ్డీ ఎవరిది?

కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో దళిత విద్యార్థుల స్కాలర్‌షిప్పుకు అయిదేళ్లకు 59,048 కోట్లు ప్రకటించింది. ఇందులో కేంద్రం వాటా నూటికి 60, రాష్ట్రం వాటా 40. వినడానికి బాగుంది. కానీ రాష్ట్రం తన 40 వంతులు ఇచ్చిన తర్వాతనే కేంద్రం 60 వంతులు విద్యార్థి ఖాతాలో పడతాయి. రాష్ట్రం చేయి ముడిస్తే కేంద్రం చేయి కూడా ముడుచుకుంటుంది. ఇద్దరి మధ్య విద్యార్థి నలుగుతాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తర్వాత తల్లి, విద్యార్థి కలిసిన ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నది. ఏ ఖాతాలో వేయాలన్న దాని మీద ఇంత చర్చ జరిగింది. ఎప్పుడు వేయాలన్న దాని మీద ఎందుకు జరగదు?

చదువు పూర్తి చేసుకున్న పిల్లవాడు సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోతాడు. "ప్రభుత్వం నుంచి నీ ఫీజు రాలేదు బాబూ, నువ్వు కట్టి తీసుకుపో. మాకు వచ్చాక నీకిస్తాం" అంటారు. ఉద్యోగానికి పిలుపు వచ్చింది, చేతిలో సర్టిఫికెట్టు లేదు. తండ్రి ప్రోనోటు రాసి నలభై వేలు తెస్తాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200. ప్రభుత్వం సొమ్ము పద్దెనిమిది నెలలకు వచ్చిందనుకుందాం. అప్పటికి వడ్డీయే 21,600. కాలేజీ నిజాయితీగా నలభై వేలు తిరిగి ఇచ్చినా ఆ 21,600 ఎవరిస్తారు? ఏ జి.ఓ.లోనూ దానికి పద్దు లేదు. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. ఆ లెక్కన అది డెబ్బై రోజుల చెమట. సర్కారు ఆలస్యం చేసినందుకు జరిమానా కట్టేది కూలీవాడన్నమాట!

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సర్టిఫికెట్టు తాకట్టు వస్తువు కాదని కోర్టులూ చెప్పాయి. అయినా పల్లె పిల్లలకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

బ్యాంకు అప్పు లోగుట్టు

"స్కాలర్‌షిప్పు రాకపోతేనేం, బ్యాంకులు విద్యా రుణం ఇస్తున్నాయి గదా" అని కొందరు పెద్దమనుషులు సలహా చెబుతారు. ఆ అప్పు లెక్క చూద్దాం.

నాలుగేళ్ల చదువుకు ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్నారనుకోండి. వడ్డీ నూటికి ఏడాదికి పది. చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర లేదు. అదే మారటోరియం. కానీ కట్టనక్కర లేదంటే వడ్డీ లేదని కాదు. మొదటి లక్ష మీద అయిదేళ్లు, రెండో లక్ష మీద నాలుగేళ్లు, ఇట్లా మొత్తం 1 లక్షా 40 వేల వడ్డీ పెరుగుతుంది. అది అసలులో కలుస్తుంది. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 5 లక్షల 40 వేలు.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు. ఉపాధి కూలీ లెక్కన నెలలో 23 రోజుల పని. మొత్తం కట్టేది 8 లక్షల 56 వేలు. వాయిదా తగ్గుతుందని పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 5,803కి దిగుతుంది, కానీ మొత్తం పది లక్షల 44 వేలు దాటుతుంది. వాయిదా చిన్నదైన కొద్దీ అప్పు పెద్దదవుతుంది. "నెలకు ఎంత?" అని మాత్రమే అడిగి సంతకం పెట్టకండి. "మొత్తం ఎంత?" అని అడగండి.

ఈ భారం తగ్గించే దారి ఒకటున్నది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి, సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు, మారటోరియం కాలపు వడ్డీ మొత్తం కేంద్రం కట్టే పథకం 2009 నుంచి ఉన్నది. పై లెక్కలో ఈ రాయితీ వస్తే వాయిదాలు నాలుగు లక్షల మీదనే మొదలవుతాయి. పదేళ్లలో మొత్తం 6 లక్షల 34 వేలతో తీరుతుంది. తేడా 2 లక్షల 22 వేలు! ఆదాయ పత్రం బ్యాంకుకు ఇచ్చి అడిగినవారికే ఇది దక్కుతుంది. అయితే కాలేజీకో కోర్సుకో జాతీయ సంస్థల గుర్తింపు ఉండాలి. చదువు మధ్యలో మానేసినవారికి రాదు. పేదల పిల్లలు చేరేది ఏ గుర్తింపూ లేని కాలేజీల్లో, చదువు మధ్యలో ఆగేది పేదల ఇళ్లల్లో. రాయితీ అవసరం ఎవరికి ఎక్కువో వారికే అది అందదు.

2024 నవంబరులో వచ్చిన పి.ఎం. విద్యాలక్ష్మి కూడా అంతే. హామీ, తాకట్టు లేని రుణం, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి పది లక్షల వరకు అప్పు మీద నూటికి మూడు వంతుల వడ్డీ తగ్గింపు. మంచిదే. కానీ మొదట దేశం మొత్తం మీద 860 పేరున్న సంస్థలకు, వడ్డీ తగ్గింపు ఏటా లక్ష మందికి. మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీ ఆ జాబితాలో ఎక్కడ కనిపిస్తుంది?

సంతకం పెట్టేవారు తెలుసుకోవాల్సినవి

విద్యా రుణంలో తల్లో తండ్రో ఉమ్మడి రుణగ్రహీత. పిల్లవాడు కట్టకపోతే నోటీసు తండ్రికే వస్తుంది. మొండి బకాయిగా రాస్తే రేపు పంట రుణం, డ్వాక్రా రుణం దగ్గర కూడా ఆ మచ్చ అడ్డం వస్తుంది.

నాలుగు లక్షల వరకు తాకట్టు, జామీను అడగకూడదు. పొలం పాసుపుస్తకం తెమ్మంటే ఇవ్వనక్కర లేదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. పై అధికారి ఆమోదం లేకుండా బ్రాంచి మేనేజరు ఒక్కడే తిరస్కరించకూడదని బ్యాంకుల సంఘం నమూనా పథకంలో ఉన్నది. అన్యాయం జరిగితే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.

ఉద్యోగం రాక వాయిదా కట్టలేని పరిస్థితి వస్తే దాక్కోవద్దు. మూడు నెలలు దాటకముందే బ్యాంకుకు అర్జీ రాసి, రసీదు తీసుకోవాలి. నిరుద్యోగ కాలంలో కొంతకాలం వాయిదాలు నిలిపే వీలు ఆ నమూనా పథకంలోనే ఉన్నది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పు తీసుకున్నవాడు దొంగ కాదు. భయపెట్టే హక్కు ఎవరికీ లేదు.

చేయవలసిన పని

ఏ ఇంటికి ఆ ఇల్లు విడిగా పోరాడితే ఒక్కో ఇల్లూ ఒక్కో ప్రోనోటు రాస్తుంది. కార్యకర్తలు చేయాల్సిన పని స్పష్టం. ఊరూరా జాబితా రాయండి: ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఎన్నేళ్ల ఫీజు రావాలి, ఎవరి సర్టిఫికెట్లు ఆగాయి, అందుకోసం బయట తెచ్చిన అప్పెంత, వడ్డీ ఎంత. ప్రవేశాల కాలంలో పత్రాలు రాయించడానికి చదువుకున్న యువకులను కూర్చోబెట్టండి. ఆ జాబితాతో తహసీల్దారు ఆఫీసుకు, కాలేజీకి, కలెక్టరు గ్రీవెన్సుకు కలిసికట్టుగా పోవాలి.

అడగవలసినవి ఇవి: 1) ప్రతి విద్యా సంవత్సరం ఫీజు ఆ సంవత్సరంలోనే చెల్లించాలి, పాత బకాయిలకు తేదీలతో పట్టిక ప్రకటించాలి. 2) ప్రభుత్వ ఆలస్యం వల్ల విద్యార్థి ముందుగా కట్టిన సొమ్ముకు వడ్డీ కలిపి ఇవ్వాలి. 3) సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోవాలి. 4) 35 వేల పరిమితి ఎత్తివేయాలి, పెరిగిన ధరలకు తగ్గట్టు ఆదాయ పరిమితి పెంచాలి. 5) వడ్డీ రాయితీని గుర్తింపు లేని కాలేజీల్లో చదివే పేదలకూ, మధ్యలో చదువు ఆగినవారికీ వర్తింపజేయాలి. 6) ప్రభుత్వ కాలేజీల్లో ఖాళీలు నింపి, సీట్లు పెంచాలి. అన్నిటికన్నా ఇదే అసలు పరిష్కారం. ఫీజే లేని చోట బకాయి ఉండదు, అప్పూ ఉండదు.

కూలీవాడి బిడ్డ చదువుకుంటే లాభం ఆ ఇంటికి మాత్రమే కాదు, దేశానికి. ఆ ఖర్చు దేశమే మోయాలి. ప్రభుత్వం కట్టవలసిన బాకీని కూలీ చేత ప్రోనోటు రాయించి తీర్చుకునే ఈ పద్ధతి ఇకనైనా ఆగాలి.