కాగడా సరే, కాళ్ళ దగ్గర ఏముందో చూశారా?

న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన హాస్టల్ పాత విద్యార్థులం నలుగురం స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూడడానికి వెళ్ళాం. జెర్సీ సిటీలో పడవ ఎక్కాలి. తనిఖీలు, క్యూలు మామూలే. ఫ్రాన్స్ ప్రజల కానుక, 1886లో ఆవిష్కరణ, పీఠంతో కలిపి 305 అడుగులు. ఇదంతా హాస్టల్ రోజుల్లో జనరల్ నాలెడ్జి పోటీల కోసం బట్టీ పట్టిందే.

బట్టీ పట్టనిది ఒకటుంది. ఆ విగ్రహం పాదాల దగ్గర తెగిన సంకెళ్ళున్నాయి. కింద నిలబడితే కనిపించవు కాబట్టి అందరూ కాగడాకే ఫొటో తీసుకుంటారు. మేమూ అంతే. ఈ విగ్రహం తలపెట్టిన ఎడ్వర్డ్ లబూలే ఫ్రాన్సులో బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. వలస వచ్చేవారికి స్వాగతం చెప్పే తల్లి అన్న పేరు తర్వాత వచ్చింది. మొదటి మాట సంకెళ్ళదే! ఆ మాట అందరికీ అందలేదు, అది వేరే సంగతి. ఆవిష్కరణ నాడే ఓటు హక్కు కోరే స్త్రీలు వేరే పడవ కట్టించుకొని వచ్చి నిరసన తెలిపారు.

పీఠం కథ మాత్రం మన కథలాగే ఉంటుంది. డబ్బు చాలక పని ఆగిపోతే, 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో పిలుపునిచ్చాడు. ఎంత తక్కువ ఇచ్చినా పేరు అచ్చు వేస్తానన్నాడు. లక్షమందికి పైగా ఇచ్చారు. ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. కాస్మెటిక్ చార్జీల్లో మిగుల్చుకొని వార్షికోత్సవానికి మైకు సెట్టు తెచ్చిన మనకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

తిరుగు పడవలో ఒక తెలుగు పెద్దాయన పలకరించారు. జిల్లా అడిగారు, ఊరు అడిగారు, తర్వాత ఇంటిపేరు. అది చెప్పాక, "అంటే మీరు...?" అని ఆగారు. ఆయన వెనకాల ఇంకా విగ్రహం కనిపిస్తూనే ఉంది. "హాస్టల్ వాళ్ళమండీ" అన్నాం. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

ఈ న్యూయార్క్‌లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, 1916లో అంబేద్కర్ గారు కులం పుట్టుక మీద తన పత్రం చదివారు. అందుకే ఆ విగ్రహం మనకెందుకు, అమెరికా వాళ్ళ గొప్ప కదా అనే మిత్రులతో మేము ఏకీభవించం.

మాలో ఒకరి అమ్మానాన్నలు త్వరలో ఇక్కడికి వస్తున్నారు. వాళ్ళను తీసుకెళ్ళి ముందు సంకెళ్ళ సంగతి చెబుతాం. కాగడా ఎలాగూ కనిపిస్తుంది.