నర్సు లేని రాత్రి

"సిస్టర్, పిక్క పీకుతోంది" అందామె. గర్భసంచి తీసిన మూడోరోజు. ఆ రాత్రి నలభై మంది రోగులకు నేనొక్కదాన్నే నర్సుని. వస్తానని చెప్పి వెళ్లలేకపోయాను. తెల్లవారేసరికి ఆయాసంతో చనిపోయింది. కదలని కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది.

దీన్ని చాలావరకు ఆపవచ్చు. పాదాలు ఆడించమని చెప్పాలి, త్వరగా లేపి నడిపించాలి, రోజూ పిక్కలు చూడాలి, అవసరమైనవారికి డాక్టరు చేత హెపారిన్ రాయించాలి. "కదిలితే కుట్లు ఊడతాయి" అనే ఇంటివాళ్లకు నచ్చజెప్పాలి. ఇదంతా నర్సు పనే.

బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఖాళీలు నింపమనడం మా ఉద్యోగాల గొడవ మాత్రమే కాదు, రోగి బతికే హక్కు. మహిళా సంఘాలు ఈ డిమాండును చేపట్టాలి.