హాంగయిందనే ఒక్క మాట

కంప్యూటరు మరమ్మతుల లోకంలో నాకు మిక్కిలి అనర్థదాయకంగా తోచే మాట ఒకటుంది. అది "హాంగయింది" అన్నది. యంత్రం ఒక్క క్షణం తడబడి తేరుకున్నా హాంగయిందంటాము. నడుస్తున్న ఒక ప్రోగ్రాము మాత్రమే నిలిచిపోయి తక్కినవన్నీ సవ్యంగా ఉన్నా హాంగయిందంటాము. తెర నల్లబడినా, యంత్రం మొత్తం కొయ్యబారినా, చివరకు దానంతటది ఆరిపోయినా అదే మాట. ఏ సమాసం ఇచ్చినా "షష్ఠీ తత్పురుష" అని రాసి బయటపడే పిల్లవాడికీ మనకూ భేదమేముంది? వాడికైతే అప్పుడప్పుడు మార్కులు వస్తాయి, షష్ఠీ తత్పురుషలు భాషలో విరివిగా ఉన్నాయి కనుక. మనకు మాత్రం డబ్బూ పోతుంది, డిస్కులో ఉన్నదీ పోతుంది.

పోనీ మనకు మాటలు లేవా అంటే, ఆ కొరత ఎన్నడూ లేదు. తడబడడం, కొయ్యబారడం, మూర్ఛపోవడం, ఆరిపోవడం: ఈ నాలుగూ ఇంట్లో ముసలమ్మలు కూడా వేరువేరుగా వాడే మాటలు. యంత్రం దగ్గరకు వచ్చేసరికి నాలుగింటినీ ఒక గంపలో పడేశాము. ఇది భాషాభిమానంతో చేస్తున్న ఫిర్యాదు కాదు. రోగానికి పేరు సరిగా పెట్టకపోతే చికిత్స తప్పుతుందన్నదే నా వాదం.

విమానయాన అనుకరణిని, అంటే ఫ్లైట్ సిమ్యులేటరును, ఉదాహరణగా తీసుకుంటాను. (అనుకరణి కన్న మంచి మాట ఎవరికైనా స్ఫురిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.) దీన్నే ఎంచుకోవడానికి కారణముంది. యంత్రంలోని లోపాన్ని బయటపెట్టడంలో దీనికి పాత పేరుంది. మైక్రోసాఫ్టు ఫ్లైట్ సిమ్యులేటరు తొలిసారి 1982లో వచ్చింది. ఆ దశకంలో ఐబీఎం పీసీకి అనుకూలమని చెప్పుకునే ఇతర యంత్రాలు నిజంగా అనుకూలమా కాదా అని తేల్చుకోవడానికి లోటస్ 1-2-3తో పాటు దీనినే నడిపి చూసేవారు. నేటికీ దాని స్వభావం మారలేదు. ఉత్తరం టైపు చేసుకుంటే యంత్రానికి దాదాపు విశ్రాంతే. సినిమా చూస్తే కాస్త పని. అనుకరణి మాత్రం రెక్కల మీది గాలినీ, నేలనూ, మబ్బులనూ, చుట్టూ తిరిగే ఇతర విమానాలనూ ఒకేసారి లెక్కించి, సెకనుకు 30 బొమ్మలు గీయాలన్నా ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లే గడువు పెట్టుకుని, గంటల తరబడి ఆ పని చేస్తుంది. ప్రాసెసరు, బొమ్మలు గీసే గ్రాఫిక్సు కార్డు, జ్ఞాపకం, డిస్కు, విద్యుత్తు ఇచ్చే పెట్టె అన్నీ ఏకకాలంలో శ్రమించే సందర్భం ఇంట్లో మరొకటి లేదు. కనుక "సినిమాలు బాగానే వస్తున్నాయి, ఈ ఆట దగ్గరే ఆగుతోంది, కాబట్టి తప్పు ఆటదే" అనే తర్కం నిలవదు. మెట్లెక్కితేనే ఆయాసం వస్తే మెట్లది తప్పంటామా?

ఇక భేదాల సంగతి. బొమ్మ క్షణంపాటు నిలిచి మళ్ళీ సాగిపోతే అది తడబాటు. డిస్కు నుంచో అంతర్జాలం నుంచో రావలసిన భూభాగం సమయానికి అందలేదన్నమాట. 2020లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటరు ప్రపంచపటాన్ని డిస్కులో పెట్టుకోదు. అది రెండు పెటాబైట్లకు పైబడిన సామగ్రి కనుక, ఎగురుతున్నంతసేపూ దూరపు సర్వర్ల నుంచి కొంచెం కొంచెంగా తెచ్చుకుంటుంది. దృశ్య వివరాన్ని రెండు మెట్లు తగ్గించి చూడండి. తడబాటు తగ్గితే రోగం అక్కడిదే. దీనికి మరమ్మతు దుకాణంతో పని లేదు.

ప్రోగ్రాము ఒక్కటే కొయ్యబారడం రెండవది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే యంత్రానికి స్పృహ ఉన్నట్టే, స్పృహ తప్పింది ప్రోగ్రాముకు. దీనికి ముఖ్యమైన కారణం చాలా ఏళ్ళపాటు ఒక చిత్రమైన లెక్క. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటరు ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రాము. అంటే దానికి తెలిసిన అంకెలతో గుర్తించగల జ్ఞాపకపు గదులు 4 గిగాబైట్లు దాటవు. యంత్రంలో 16 గిగాబైట్లు కొని పెట్టినా సరే, దానికి మిగిలినవి కనబడవు. వంద ఇళ్ళ వరకే లెక్క వచ్చిన తపాలా బంట్రోతుకు వెయ్యిళ్ళ ఊరప్పగించినట్టు. అదనంగా చేర్చుకున్న నగరాలు, విమానాలు, మబ్బులు ఆ 4లోనే ఇరకాలి. మన శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయింది కనుక 2006 నాటి ప్రోగ్రాములో అది ఉండే ప్రసక్తే లేదు. అక్కడ దిగాలనుకున్నవారు విడిగా దృశ్యాన్ని చేర్చుకోవలసిందే. గంటల తరబడి ఎగిరి, ఇంకేముంది దిగిపోతామనగా, నగరం కనుచూపు మేరకు వచ్చి, దాని ఇళ్ళూ వీధులూ అన్నీ ఒక్కసారిగా జ్ఞాపకంలోకి వచ్చి పడేసరికి ప్రోగ్రాము ప్రాణం విడిచేది. ఇది ఎందరో అనుభవించిన బాధ. 64 బిట్ల అనుకరణులు వచ్చాక ఈ హద్దు తొలగింది గాని, పాతదాన్ని ప్రేమించి నడుపుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి యంత్రంలో ఏ లోపమూ లేకపోవచ్చు. దృశ్యాల భారం తగ్గించడమొక్కటే మందు.

తెర నల్లబడి మళ్ళీ రావడం మూర్ఛ. గ్రాఫిక్సు కార్డు రెండు సెకన్లలో బదులు చెప్పకపోతే విండోసు దాన్ని తట్టి లేపుతుంది. లేస్తే సరి, లేకుంటే ప్రోగ్రాము పోతుంది. డ్రైవరు లోపం, వేడి, చాలని విద్యుత్తు ఇక్కడ అనుమానితులు.

చివరిది యంత్రం మొత్తం కొయ్యబారడం. క్యాప్స్ లాక్ దీపం వెలగదు, ధ్వని ఒకేచోట గిర్రుమని తిరుగుతుంది, మీట నొక్కి ఆర్పడం తప్ప దారి ఉండదు. ఇది చాలాసార్లు ఇనుప సామాను రోగం. అయినా దీనికే మన దుకాణాల్లో మొట్టమొదటి చికిత్స "ఫార్మాటు".

మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయికి పైలటు కావాలని ఆశ. వాడి యంత్రం అరగంట ఎగిరేసరికి కొయ్యబారేది. దుకాణంలో మూడుసార్లు ఫార్మాటు చేశారు. చేసిన ప్రతిసారీ ఒక పాట పెట్టి వినిపించి, బాగయిందని ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి ఎగిరితే మళ్ళీ అరగంటే. మొదటి ఫార్మాటులోనే, వాళ్ళ తాతగారు పాడిన నాటక పద్యాలు పోయాయి. ఆయన పోకముందు ఆ పిల్లవాడే కూర్చోబెట్టి రికార్డు చేసుకున్నవి. మరో ప్రతి లేదు. "డిస్కులో ఏముందో వాళ్ళు అడగలేదు మాస్టారూ, చెప్పాలని నాకు తెలియలేదు" అన్నాడు. అంతకన్న ఏమీ అనలేదు.

తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలని చెబుతారు. ఇది ఉన్నప్పుడు అది ఉంటుంది, ఇది లేనప్పుడు అది ఉండదు అని రెండువైపులా చూపగలిగితేనే కార్యకారణ సంబంధం తేలుతుంది. ఒక్క వైపు చూపితే చాలదు. ఆ అబ్బాయి యంత్రానికి పక్క రేకు విప్పించి, ఎదురుగా బల్ల పంకా పెట్టి ఎగరమన్నాను. గంటన్నర ఎగిరాడు. రేకు బిగించి, పంకా తీసేసి ఎగరమన్నాను. అరగంటకు ఆగింది. మళ్ళీ విప్పితే మళ్ళీ ఎగిరింది. వేడి అన్నది అక్కడికి తేలింది. ఏ భాగం వేడి అన్నది ఇంకా తేలలేదు. ఎగురుతుండగా లోపలికి చూస్తే గ్రాఫిక్సు కార్డుకున్న రెండు పంకాల్లో ఒకటి తిరగడం లేదు. (విశ్రాంతిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకూడదు. పని లేనప్పుడు పంకాలు ఆపుకునే కార్డులు ఇప్పుడు చాలా ఉన్నాయి.) పంకా మార్పించాక రోగం పోయింది. దీనికి మూడుసార్లు డిస్కు తుడిచారు!

వేడి గురించి మనం ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉంది. మనం చదివే సలహాల్లో అధిక భాగం చల్లని దేశాల వారు, 22 డిగ్రీల గదిలో కూర్చుని రాసినవి. యంత్రంలోని పంకా గాలిని చల్లబరచదు, గదిలోని గాలినే లోపలికి తోస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గది 40 డిగ్రీలున్నప్పుడు, అక్కడ 75 చూపే భాగం ఇక్కడ 90 దాటడం వింత కాదు. ఇటీవలి ప్రాసెసర్లు ఆగిపోయే ముందు తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. కనుక "మొదటి పావుగంట బాగుంటుంది, తరువాత నత్తనడక" అన్నది వేడి రాసిన ఉత్తరమే. దుమ్ము దులపడం, ఎండిపోయిన ఉష్ణలేపనం మార్చడం అన్నవి ఫార్మాటు కన్న ముందు జరగవలసినవి. అలాగే యూపీయస్ సంగతి. 600 వీఏ అని రాసి ఉన్న పెట్టె సుమారు 360 వాట్లకు మించి మోయదు. బలమైన కార్డున్న యంత్రం ఎగిరేటప్పుడు కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది. దానినీ హాంగయిందనే అంటున్నారు.

ఫార్మాటుతో బాగయిన యంత్రాలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. రెండు డ్రైవర్లు పోట్లాడుకున్నప్పుడో, అదనపు సామగ్రిలో ఒకటి చెడినప్పుడో అన్నీ తుడిచేస్తే ఆ చెడ్డదీ పోతుంది. కాని ఏది చెడ్డదో తెలియదు. మళ్ళీ అదే చేర్చుకుంటే మళ్ళీ అదే గతి. 2020 అనుకరణిలో మనం విడిగా తెచ్చి చేర్చుకున్న అదనపు సామగ్రి కమ్యూనిటీ అనే ఫోల్డరులో ఉంటుంది. దాని పేరు మార్చి, ఖాళీ ఫోల్డరుతో నడిపి చూడడానికి రెండు నిమిషాలు పట్టదు. పేరు తిరిగి మార్చితే అంతా యథాతథం. జ్ఞాపకపు వేగం పెంచే ఎక్స్ఎంపీ అమరికను ఆపి చూడడమూ, మెమ్‌టెస్ట్‌ను ఒక రాత్రంతా నడపడమూ అంతే, నష్టం లేనివి. ఆ పరీక్షలో ఒక్క దోషం కనబడినా ఆ జ్ఞాపకాన్ని నమ్మరాదు. వెనక్కు తీసుకోగల పనులన్నీ అయిన తరువాతనే వెనక్కు తీసుకోలేని పని చేయాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు కలిపి చేసి బాగయితే, బాగు చేసింది ఏదో మనకు తెలియకుండానే పోతుంది.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి "కెర్నెల్-పవర్ 41" అన్న పంక్తిని చూపి, విద్యుత్తు పెట్టె పోయిందని కొత్తది అంటగట్టడం మరొక ఆచారం. యంత్రం సక్రమంగా మూయబడకుండా ఆగిందని మాత్రమే ఆ పంక్తి చెబుతుంది. కొయ్యబారిన యంత్రాన్ని మీట నొక్కి ఆర్పినా అదే నమోదవుతుంది. అది మరణ నమోదే గాని మరణ కారణం కాదు.

తప్పు ఎప్పుడూ దుకాణానిదే అనను. 2024లో ఇంటెల్ సంస్థ తన 13వ, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి కోరుకుని చెడిపోతున్నాయని ఒప్పుకుని, సవరణలు విడుదల చేసి, హామీని రెండేళ్ళు పొడిగించింది. అంతవరకు ఆ యంత్రాల యజమానుల్లో ఎందరు ఎన్నిసార్లు విండోసు మార్చుకుని ఉంటారో! తయారీదారుకే తేల్చడానికి నెలలు పట్టిన రోగాన్ని సందు చివరి కుర్రవాడు గంటలో తేల్చలేదని నిందించడం ధర్మం కాదు. గంటకు నాలుగు యంత్రాలు బాగుచేస్తేనే అతనికి అద్దె గిట్టుతుంది. అదీ నాకు తెలుసు.

అయినా అతన్ని ఒకటి అడగవచ్చు. ఇప్పుడిచ్చే రసీదు మీద "సర్వీసు" అనే ఒక్క మాటా, దాని ఎదురుగా రూపాయలూ ఉంటాయి. దాని బదులు మూడు పంక్తులు రాయమందాం: యంత్రం ఏ విధంగా ఆగింది, ఏ పరీక్ష చేశారు, ఏది మార్చారు. డిస్కు తుడవవలసి వస్తే, అందులోని దస్త్రాలకు ప్రతి తీశామనో, అక్కరలేదని యజమాని చెప్పాడనో నాలుగవ పంక్తి, దాని కింద యజమాని సంతకం. మా వీధి దుకాణంలో ఈ మాట చెబితే, రసీదు పుస్తకంలో అంత చోటు లేదన్నాడు. వెనక వైపు ఖాళీగానే ఉంది.