చూపుకు సానబట్టే చదువు

హైదరాబాద్ పాతనగరం ఛత్తా బజార్‌లో ఉర్దూ శుభలేఖలు అచ్చుకు వెళ్లే ముందు వాటి అక్షరాలను చేత్తో రాసి ఇచ్చిన కాతిబులు, అంటే లేఖకులు, నేర్చుకున్న తీరును సాఫ్ట్‌వేర్ రంగంలో అడుగుపెడుతున్న నేటి యువత శ్రద్ధగా పరిశీలించడం అవసరం. నస్తాలీఖ్ అనే ఆ వాలు లిపిలో ప్రతి అక్షరానికీ కొలత ఉంది. రెల్లు కలం మొనను ఏటవాలుగా ఆనించి లాగినప్పుడు కాగితంపై పడే నలుపలకల చుక్కే ఆ కొలతకు ప్రమాణం, ఆ లెక్కన అలిఫ్ ఎత్తు సుమారు మూడు చుక్కలు. శిష్యుడు మొదట విడి అక్షరాలను, పిమ్మట కలిపిరాతను సాధన చేస్తుండగా, ఉస్తాద్ తప్పిన వంపు పక్కనే సరైన వంపు గీసి చూపుతాడు. ఈ దిద్దుబాటుకే ఇస్లాహ్ అని పేరు.

పారశీక లేఖన గ్రంథాల సంప్రదాయం ఈ సాధనను మూడు విధాలుగా చెబుతుంది. మొదటిది నజరీ, అంటే గొప్ప లేఖకుల రాతను కళ్లతో చదివి ఆకళింపు చేసుకోవడం. రెండోది కలమీ, చూసినదాన్ని చేత్తో మళ్లీ రాయడం. మూడోది ఖయాలీ, ఎదుట నమూనా లేకుండా సొంత ఊహతో రాయడం. తన ఆలోచన ఎటు సాగుతోందో తానే కనిపెట్టి సరిదిద్దుకునే శక్తిని అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ ఫ్లావెల్ 1970లలో మెటాకాగ్నిషన్ అన్నాడు. రాసిన గీతను ప్రతిసారీ మేలైన గీతతో పోల్చి చూసుకునే శిష్యుడికి అలవడేది ఆ శక్తే. ఏ కొత్త విద్యనైనా త్వరగా పట్టుకోవడానికి పునాది కూడా అదే.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా తరువాత పైథాన్, దాని తరువాత మరొకటి అంటూ సాగే చదువులో ఎక్కువ భాగం కలమీ అనే రెండో దశకే పరిమితమవుతోంది. బోర్డు మీది కోడ్ దించుకున్న విద్యార్థి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అనుభవజ్ఞులు రాసిన కోడ్‌ను చదివే సందర్భం అరుదు. ఖాళీ తెరతో మొదలుపెట్టే సందర్భం మరీ అరుదు. పైథాన్ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు తెరపై వచ్చే సందేశంలో చివరి వాక్యం తప్పు ఏ రకానిదో చెబుతుంది, దాని పైనున్న వాక్యాలు ఆ తప్పు ఎక్కడ బయటపడిందో చూపుతాయి. వాటిని చదివి, కారణాన్ని ముందుగా ఊహించి కాగితంపై రాసుకుని, ఆ తరువాతే సరిచూసుకునే విద్యార్థికి తన ఊహ ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఆ సందేశాన్ని యథాతథంగా గూగుల్‌లో పెట్టి, దొరికిన జవాబు అతికించేవాడికి తెలిసేది ప్రోగ్రాం నడిచిందన్న సంగతి మాత్రమే.

గుర్తుంచుకోవడంలోనూ ఇంతే. మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాతి పరీక్షలో ముందుండగా, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకుని రాసినవారు వారం తరువాతి పరీక్షలో వారిని మించిపోయారు. వీడియో పాఠం చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్లు తోచి, మర్నాడు ఒక్క లూప్ కూడా సొంతంగా రాయలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

1994లో వచ్చిన ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్ కాతిబుల చేతిపనిని చాలావరకు హరించిన మాట బాధాకరమైన వాస్తవం. అయితే కంప్యూటర్ నస్తాలీఖ్‌కు బాట వేసిన నూరీ నస్తాలీఖ్ అక్షరాలను 1981 నాటికి రూపొందించినవాడు మీర్జా అహ్మద్ జమీల్ అనే లేఖకుడే. ఏ వంపు సరైనదో ఎరిగిన చూపు లేకుండా కంప్యూటర్ నస్తాలీఖ్‌లో ఉర్దూ రాయగలిగేది కాదు. నేడు కృత్రిమ మేధ అడిగిన వెంటనే కోడ్ రాసిపెడుతున్నందున, అందులో తప్పిన గీతను పట్టుకోగల చూపు ప్రోగ్రామర్‌కు మునుపటికంటే ఎక్కువ అవసరం.

కాబట్టి పాతనగరంలోని కళాశాలలూ శిక్షణ కేంద్రాలూ వారానికి ఒక గంట మంచి కోడ్ చదివించడానికి, మరో గంట విద్యార్థుల కోడ్‌ను వారి ఎదుటే దిద్దడానికి కేటాయించాలి. నగరంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అనుభవం గడించిన ఈ బస్తీల బిడ్డలు ఆ దిద్దుబాటు బాధ్యతను తమ భుజాన వేసుకోవాలి.