చాకు పట్టుకున్న రాజు, చీటీ తీసుకున్న మనం



డిసెంబరు వచ్చిందంటే మా ఊళ్ళో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి మిరప తోటల్లో మందు కొట్టడం, రెండోది వాగ్దాన కార్డులకు డబ్బులు పోగుచేయడం. పోయిన ఏడాది 31వ తేదీ రాత్రి ఆరాధనలో కార్డులు ఉండవని నేను ముందే చెప్పాను. ఆ మాటకు రెండు కుటుంబాలు మన మందిరం మానేసి పక్క ఊరి మందిరానికి వెళ్తున్నాయి. ఒక పెద్దాయన నా ముఖం మీదే, "కార్డు కూడా ఇవ్వలేని పాస్టరు మాకెందుకు అయ్యగారూ?" అన్నాడు. కానుకల సంచి కూడా తేలికయ్యింది, దాచేదేముంది. అందుకని ఎందుకు మానేశానో ఒకసారి రాతలో పెడుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. కాని చివరిదాకా చదివి కోప్పడండి.

మన కార్డుల్లో ఎక్కువగా కనబడే వచనం యిర్మీయా 29:11. దేవుడు మీ మేలు కోరే ఆలోచనలు కలిగి ఉన్నాడనీ, ముందు మీకు మంచి దినాలు ఉన్నాయనీ దాని భావం. ఎంత మంచి మాట! గోడ మీద, ఆటో వెనుక, ఫోను స్టేటస్‌లో, అన్నిచోట్లా అదే. ఆ మాట ఎవరికి రాశారో ఆ ముందు వచనం చదివినవారు ఎందరు? అది బబులోను చెరలో ఉన్నవారికి వెళ్ళిన ఉత్తరం. పదో వచనంలో 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న ముసలివాళ్ళు తిరిగి యెరూషలేమును చూడరు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం కోసం ప్రార్థన చేయండి అని దేవుడు చెప్పించాడు. రెండేళ్ళలో వచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త అంతకుముందు అధ్యాయంలో తియ్యగా చెప్పాడు. జనానికి అతని మాట నచ్చి ఉంటుంది. దేవుడు అతన్ని పంపలేదు.

మరి మనం ఏం చేస్తున్నాం? యిర్మీయా ఉత్తరంలో నుంచి ఒక ముక్క కత్తిరించి, దాన్ని హనన్యా ప్రసంగంలాగా వాడుకుంటున్నాం. ఈ సంవత్సరమే అప్పు తీరుతుంది, ఈ సంవత్సరమే కొడుక్కి ఉద్యోగం అని.

కత్తిరించడం అంటే గుర్తొచ్చింది. అదే గ్రంథంలో 36వ అధ్యాయం తీయండి. తొమ్మిదో నెల, చలికాలం. యెహోయాకీము రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనేవాడు గ్రంథపు చుట్ట తెచ్చి చదువుతున్నాడు. మూడు నాలుగు వరుసలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పులో వేస్తున్నాడు. చుట్ట మొత్తం అలాగే కాలిపోయింది. రాజు గాని, అతని సేవకులు గాని భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని లేఖనం ప్రత్యేకంగా చెబుతుంది.

బట్టలు చింపుకోలేదని ఎందుకు చెప్పింది? ఎందుకంటే అతని తండ్రి చింపుకున్నాడు. ఆ తండ్రి యోషీయా. 2 రాజులు 22వ అధ్యాయం. ఎనిమిదేళ్ళకు రాజైనవాడు, ఏలుబడిలో 18వ సంవత్సరం, అంటే 26 ఏళ్ళ వయసు. మందిరం మరమ్మతు చేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఎక్కడ దొరికింది? దేవుని మందిరంలోనే! యాజకులు ఉన్నారు, బలులు ఉన్నాయి, ధూపం ఉంది, పుస్తకం మాత్రం పోయింది, పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు. షాఫాను చదివి వినిపించగానే రాజు బట్టలు చింపుకున్నాడు. తనకు అర్థం కానిదాన్ని అడిగి రమ్మని హుల్దా అనే స్త్రీ దగ్గరికి మనుషులను పంపాడు. ఆమె ద్వారా దేవుడు చెప్పించిన మాట ఏమిటంటే, నీ మనసు మెత్తబడింది, నిన్ను నీవు తగ్గించుకున్నావు గనుక నేను నీ మొర విన్నాను అని.

ఆ తండ్రికీ ఆ కొడుకుకూ అందిన మాట ఒకే దేవునిది. తండ్రి దాని కింద కూర్చున్నాడు, కొడుకు దాని మీద కూర్చున్నాడు. ఇంకో సంగతి. తండ్రికి చదివి వినిపించింది షాఫాను. కొడుకు కోస్తుంటే కాల్చవద్దని బతిమాలిన ముగ్గురిలో షాఫాను కొడుకు గెమర్యా ఒకడు. ఆ ఇంట్లో భయం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. రాజు ఇంట్లో రాలేదు.

నేను అనేది ఇదే. మనం యెహోయాకీములాగా కాల్చడం లేదు, నిజమే. కాని చాకు మన చేతిలోనూ ఉంది. నచ్చిన ముక్క కోసి కార్డు చేసుకుని, మిగతా చుట్టను బీరువా పైన పెట్టాం. దాని మీద దుమ్ము పడుతోంది. కాలిన పుస్తకానికీ తెరవని పుస్తకానికీ ఆ ఇంట్లోవాళ్ళ వరకు తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

"అయ్యగారూ, ఏమీ చదవనివాడు కార్డు వల్ల ఒక్క వచనమైనా చదువుతాడు కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. సరైన ప్రశ్నే. ఆసుపత్రి మంచం మీద కార్డు పట్టుకుని ధైర్యం తెచ్చుకున్న తల్లులను నేనూ చూశాను, వాళ్ళను ఎగతాళి చేయను. దేవుడు చీటీ ముక్కతో కూడా ఆదరించగలడు. కాని తమ్ముడూ, కార్డు తీసుకున్న మన 60 ఇళ్ళలో ఆ వచనం ఉన్న అధ్యాయం తెరిచి చూసినవాళ్ళు ఎందరని నేను ఒక ఏడాది ఇంటింటికీ తిరిగి అడిగాను. నలుగురు. అందులో ఒకరు నా భార్య. కార్డు వాక్యం దగ్గరికి మెట్టు కావలసింది, వాక్యానికి అడ్డుగోడ అయింది. వచనం వచ్చేసింది కదా, ఇంకేం చదవాలి?

సాతాను కూడా వాగ్దానం చీటీలాగే తెచ్చాడు, గమనించారా? మత్తయి 4వ అధ్యాయంలో ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తనలోని మాటే చూపించాడు. వచనం సరైనదే. ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములో నుంచే జవాబిచ్చాడు. మనలో ఎంతమందికి ఆ కాండము తెలుసు? ఆయన మొదటి జవాబు ఉన్న 8వ అధ్యాయం చదవండి. దేవుడు అరణ్యంలో ఇశ్రాయేలీయులను ఆకలిగొననిచ్చి మన్నా పెట్టింది వారిని తగ్గించడానికి అని అక్కడ రాసి ఉంది. మన్నా సంగతి మీకు తెలుసు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికి దాచుకుంటే పురుగు పట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు ఒక్కటే మినహాయింపు. రోజూ తెల్లవారి లేచి వంగి నేల మీద నుంచి ఏరుకునేవాడికి గర్వం ఎక్కడిది? డిసెంబరు 31 రాత్రి సంవత్సరానికి సరిపడా ఒకేసారి తీసుకునే మన్నా బైబిలులో లేదు.

ఇంతవరకు చదివి "బాగా చెప్పారు అయ్యగారూ" అనుకుంటున్న రోజూ చదివేవాళ్ళారా, మీకూ ఒక మాట ఉంది. ముందు నా సంగతి చెప్తాను.

నా బైబిలు చివరి అట్ట లోపల గీతలు ఉండేవి. ఆదికాండము నుంచి ప్రకటన దాకా ఒకసారి పూర్తయితే ఒక గీత. 1189 అధ్యాయాలు, రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే సంవత్సరంలో అయిపోతాయి. అలా 14 గీతలు. ప్రసంగాల్లో ఆ సంఖ్య ఏదో ఒక వంకతో చెప్పేవాణ్ణి. ఒక ఉదయం నేను చదువుకుంటుంటే మా చిన్నవాడు గిన్నె కింద పడేశాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. నా భార్య ఆ గిన్నె తీసి పెడుతూ, "ఏమండీ, పదిహేనోసారి చదివేటప్పుడైనా మాతో కొంచెం మెల్లగా మాట్లాడతారా?" అంది. అంతే. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ రోజు చదువుతున్నది యాకోబు పత్రిక, అద్దంలో ముఖం చూసుకుని మరచిపోయేవాడి సంగతి. సిగ్గుతో చచ్చిపోయాను. గీతలు బ్లేడుతో గీకేశాను. మచ్చ అలాగే ఉంది, ఉండనివ్వండి.

కాబట్టి బైబిలు పూర్తి చేసినవారికి వేదిక మీద శాలువా కప్పే ఆచారం కూడా నాకు ఇష్టం లేదు. ఏడుసార్లు చదివానని శాలువా కప్పుకుని కోడలితో మాట్లాడనివాళ్ళను తయారుచేస్తున్నాం. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చివర రాజుకు ఒక ఆజ్ఞ ఉంది. గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తరింపజేసుకోకూడదు. లేవీయులైన యాజకుల దగ్గర ఉన్న ధర్మశాస్త్రానికి తనకోసం ఒక ప్రతి రాసుకోవాలి. బతికిన దినాలన్నీ దాన్ని చదవాలి. ఎందుకు? జ్ఞాని అనిపించుకోవడానికా? తన సహోదరుల కంటే తాను గొప్పవాణ్ణని అతని హృదయం ఉబ్బకుండా ఉండడానికి. దేవుడే చదవడానికి కారణం రాసి ఇచ్చాడు. చదివాక మనం ఉబ్బుతున్నామంటే మందు తాగి రోగం పెంచుకుంటున్నట్టే.

ఇది సేవకులమైన మనకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఫ్లెక్సీలో మన ఫోటో నిలువెత్తు, వచనం చీమంత. శనివారం రాత్రి ప్రసంగం కోసం తెరిచేది తప్ప వారంలో ఇంకెప్పుడు తెరుస్తున్నాం? మందకు మేత వేసే తొందరలో మనం ఆకలితో ఉన్నామని మనకే తెలియడం లేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. అచ్చు పుస్తకం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. మనకు ఇంటికి మూడు బైబిళ్ళు, ఫోనులో ఇంకొకటి.

ఫోను అంటే మా సంఘంలో ఒక మామ్మ ఉంది. చదువు రాదు. మనవడు ఫోనులో ఆడియో బైబిలు పెట్టి ఇస్తే, కళ్ళంలో తాలు కాయలు ఏరుతూ రోజూ వింటుంది. పోయిన నెల ప్రార్థన అయ్యాక నన్ను ఆపి, "అయ్యగారూ, యెఫ్తా కూతురు సంగతి విన్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారీ దాని మీద చెప్పలేదేంటి?" అని అడిగింది. ఏ కార్డు మీదా ఆ అధ్యాయం ఉండదు. నా దగ్గరా జవాబు లేదు. "దేవుడు దాన్ని ఎందుకు రాయించాడో నాకూ పూర్తిగా అర్థం కాలేదు మామ్మా" అన్నాను. "మీక్కూడానా! అయితే సరే, ఇద్దరం మళ్ళీ విందాం" అంది. ముప్పై మంది ముందు నాకు తెలియదు అనడం ఇదే మొదటిసారి.

ఈ డిసెంబరు 31 రాత్రి కూడా మా మందిరంలో కార్డులు ఉండవు. మోషే ఏడేళ్ళకొకసారి పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు, పరదేశులకు ధర్మశాస్త్రం చదివి వినిపించమన్నాడు. మేము ఎనిమిది గంటలకు ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి 34 అధ్యాయాలూ బిగ్గరగా చదువుతాం. చదవగలిగినవాళ్ళు వంతులవారీగా చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. మధ్యలో టీ ఉంటుంది. 17వ అధ్యాయం చదివే వంతు నాది. వెళ్ళిపోయిన రెండు కుటుంబాలకూ కబురు పంపాను. ఒక ఇంటివాళ్ళు చూస్తామన్నారు.