ఆరవ సంఖ్య

క్రీడాకారుని అంకెలతో కొలవడం లోకరీతి. ఆ కొలతకు సేవ అందదు. అమెరికాలో బోస్టన్ నగరపు బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌లో 1942లో ఆడనారంభించిన జానీ పెస్కీ జీవితమే ఇందుకు సాక్ష్యం.

1946 ప్రపంచ సిరీస్ చివరి పోటీలో, ప్రత్యర్థి గెలుపు పరుగు తీస్తుండగా, పెస్కీ చేతికందిన బంతిని విసరడంలో క్షణకాలం జాగు చేశాడని, అందుకే సెయింట్ లూయిస్ జట్టు గెలిచిందని నింద పడింది. అది నిజమో కాదో నేటికీ వివాదమే. ఆయన మాత్రం ఆ నిందను మరొకరిపైకి నెట్టలేదు. 1952లో జట్టు ఆయనను డెట్రాయిట్‌కు పంపివేసింది. ఆట విరమించాక ఆయన మళ్లీ బోస్టన్‌కే వచ్చాడు. నిర్వాహకుడిగా, శిక్షకుడిగా, వ్యాఖ్యాతగా ఏ పని అప్పగిస్తే అది చేశాడు. ఎనభై దాటాక కూడా మనుమల ఈడు కుర్రవాళ్లకు బంతులు కొడుతూ సాధన చేయించాడు. 2004లో జట్టు 86 ఏళ్ల తరువాత విజేత అయింది. ఓడినది ఆ సెయింట్ లూయిస్ జట్టే! మరుసటి వసంతాన విజయపతాకాన్ని ఎగురవేసిన చేతులలో పెస్కీవీ ఉన్నాయి.

మేటి ఆటగాని చొక్కా సంఖ్యను వేరొకరికి ఇవ్వకపోవడం అక్కడి సత్కారం. కీర్తిమందిరంలో స్థానం పొందినవారికే అది దక్కాలని అప్పట్లో జట్టు నియమం ఉండేది. పెస్కీకి ఆ స్థానం లేదు. 2008లో నియమం సడలించి ఆయన ఆరవ సంఖ్యకు ఆ గౌరవమిచ్చారు. దీనిని సడలింపు అనడం సరికాదు. సేవకు చోటివ్వని నియమానిదే లోపం. అప్పటికి ఆయన వయసు సుమారు 89 ఏళ్లు. నాలుగేళ్లకే, 2012లో, ఆయన కన్నుమూశాడు.